జాన్ హెన్రీ పాట: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా బళ్లలో పిల్లలకు చెప్పే కథల్లో జాన్ హెన్రీ కథ ఒకటి. అక్కడ పెరుగుతున్న తెలుగు పిల్లలు కూడా దాన్ని ఇంటికి మోసుకొస్తారు. బలశాలి అయిన సమ్మెట మనిషి, ఆవిరి యంత్రంతో పందెం, గెలుపు, ఆ వెంటనే చావు. బడి కథ అంతటితో అయిపోతుంది. పాటలో ఇంకా చాలా ఉంది: ఒక జైలు, ఒక తెల్ల ఇల్లు, ఇసుకలో పూడ్చిన శవాలు, ఒకరినొకరు హెచ్చరించుకునే కూలీలు. ఈ పాట గురించి నన్ను అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పినదే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

పాటలో కథ ఏమిటి?

జాన్ హెన్రీ నల్లజాతి కూలీ. పసివాడిగా తండ్రి ఒళ్లో కూర్చున్నప్పుడే సమ్మెట, ఉక్కుముక్క చేత్తో పట్టుకుని "ఈ సమ్మెటే నన్ను చంపుతుంది" అంటాడు. పెద్దవాడై రైలు సొరంగంలో ఉక్కు దించే పనిలో, అంటే స్టీల్ డ్రైవింగ్‌లో చేరతాడు. పని చేయించే కెప్టెన్ ఒక ఆవిరి డ్రిల్లు తెప్పిస్తాడు. "మనిషంటే మనిషే కదా, కానీ నీ యంత్రం చేతిలో ఓడేలోపు చేతిలో సమ్మెటతోనే చస్తాను" అని జాన్ హెన్రీ పందెం కడతాడు. చాలామంది పాడే వరసలో అతను రాతిలోకి ఉక్కును 14 అడుగులు దించుతాడు, యంత్రం 9 అడుగుల దగ్గర ఆగిపోతుంది. గెలిచినవాడు సమ్మెట కింద పెట్టి ప్రాణం వదులుతాడు.

పాడేవాళ్లను బట్టి అంకెలు మారతాయి. సమ్మెట బరువు 9 పౌండ్లు, అంటే సుమారు 4 కిలోల నుంచి, 20 పౌండ్లు, 30 పౌండ్ల దాకా పెరుగుతూ పోతుంది.

"స్టీల్ డ్రైవింగ్" అంటే అసలు ఏం పని?

రైలు పట్టాలకు మేకులు కొట్టే పని అనుకుంటారు చాలామంది. ఇది అది కాదు, సొరంగం పని.

కొండను తొలచాలంటే ముందు రాతిలో సన్నటి, లోతైన బెజ్జాలు వేయాలి. వాటిలో తుపాకి మందో నైట్రోగ్లిజరినో కూరి పేల్చాలి. పగిలిన రాయిని బయటికి ఎత్తిపోసి, మళ్లీ బెజ్జాలు మొదలుపెట్టాలి. ఈ బెజ్జాలు వేయడానికి ఇద్దరు కావాలి. ఒకతను పొడవాటి ఉక్కు ఉలిని రాతికి ఆనించి రెండు చేతులా పట్టుకుంటాడు. అతన్ని షేకర్ అంటారు. రెండో అతను ఉలి తల మీద సమ్మెటతో కొడతాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య షేకర్ ఉలిని కాస్త తిప్పి, కుదిపి, లోపలి రాతిపొడి వదులయ్యేలా చూడాలి. తిప్పకపోతే ఉలి రాతిలో బిగుసుకుపోతుంది. తిప్పే క్షణం తప్పిందా, సమ్మెట అతని చేతి మీదే పడుతుంది.

లోపల వెలుతురు అంతంతమాత్రం. కంటికంటే చెవినే నమ్ముకోవాలి. పాట అందుకు పుట్టింది. సమ్మెట మనిషి ఒక వరస పాడి, ఊపిరి బలంగా వదిలే చోట దెబ్బ వేస్తాడు. దెబ్బ ఎప్పుడు పడుతుందో షేకర్‌కు ఆ పాటే చెబుతుంది. ఏతం పాటలు, పడవ పాటలు విన్న మనకు ఇది వింతేమీ కాదు. కాకపోతే ఇక్కడ లయ తప్పితే పోయేది చెయ్యి.

పాటలో ఒక చరణం ఉంది. దాన్ని తెలుగులో ఇలా చెప్పుకోవచ్చు:

ఓ షేకర్, దేవుడికి దణ్ణం పెట్టుకో,
ఈ ఉలి మీద నా దెబ్బ తప్పిందంటే
రేపే నిన్ను పూడ్చిపెట్టే రోజు.

దీన్ని జాన్ హెన్రీ బడాయిగా పాడేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇందులో ఆ పని షరతు ఒక్కటే వినిపిస్తుంది. ఉలి పట్టుకుని కూర్చున్నవాడి పేరు పాటలో సాధారణంగా వినిపించదు. పందెంలో అతని చేతులూ ఉన్నాయి.

ఆవిరి డ్రిల్లును మనిషి నిజంగా ఓడించగలడా?

1870 ప్రాంతపు డ్రిల్లును ఓడించగలడు. అప్పటి యంత్రాలు బరువైనవి. తరచూ విరిగేవి. బెజ్జంలో రాతిపొడి పేరుకుంటే ఆగిపోయేవి. బాగుచేసేలోపు గంటలు గడిచేవి. పాటకు ఈ సంగతి తెలుసు. "నీ బెజ్జం పూడుకుపోయింది, నీ డ్రిల్లు విరిగిపోయింది" అని జాన్ హెన్రీ యంత్రం నడిపేవాణ్ని వెక్కిరించే చరణం ఉంది. ఆ పని దగ్గర నిలబడి చూసినవాడే కట్టగల మాట అది. నెలల తరబడి పనిలో యంత్రానిదే పైచేయి, కొన్ని గంటల పందెంలో కాదు.

జాన్ హెన్రీ నిజంగా ఉన్నాడా?

ఈ ప్రశ్న మీద దాదాపు నూరేళ్లుగా పరిశోధన సాగుతోంది.

పాటలో ఎక్కువగా వచ్చే చోటు బిగ్ బెండ్ సొరంగం. పశ్చిమ వర్జీనియాలో టాల్కాట్ అనే చిన్న ఊరి దగ్గర, చెసపీక్ అండ్ ఒహాయో రైలు మార్గం కోసం 1870లో మొదలుపెట్టి తవ్వారు. పొడవు మైలుకు పైనే. 1920లలో గై జాన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆ తర్వాత లూయిస్ చాపెల్ అనే ఆచార్యుడు ఆ చుట్టుపక్కల ముసలివాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడారు. జాన్సన్ పుస్తకం 1929లో, చాపెల్ పుస్తకం 1933లో వచ్చాయి. పందెం కళ్లారా చూశానన్నవాడు దొరికాడు, అదంతా కట్టుకథ అన్నవాళ్లూ దొరికారు. అప్పటికే 50 ఏళ్లు దాటిపోయాయి. బిగ్ బెండ్‌లో ఏదో జరిగే ఉంటుందని ఇద్దరూ తేల్చారు.

ఆ తర్వాత స్కాట్ రేనాల్డ్స్ నెల్సన్ అనే చరిత్రకారుడు రైలు కంపెనీ కాగితాలు తిరగేశాడు. బిగ్ బెండ్‌లో ఆవిరి డ్రిల్లు వాడిన దాఖలా ఆయనకు కనిపించలేదు. అదే మార్గంలో వర్జీనియా వైపున్న లూయిస్ సొరంగంలో మాత్రం ఆవిరి డ్రిల్లులూ, సమ్మెట కూలీలూ పక్కపక్కనే పనిచేసినట్టు తేలింది. ఆ కూలీలు వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లోని జైలు నుంచి తెచ్చిన ఖైదీలు. జైలు రికార్డులో ఒక పేరు దొరికింది: జాన్ విలియం హెన్రీ. న్యూజెర్సీ కుర్రాడు. 1866లో దొంగతనం నేరం మీద 10 ఏళ్ల శిక్ష. అప్పటికి వయసు 19. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, ఆపైన పావు అంగుళం.

పాటలో కొండంత మనిషి, రికార్డులో ఇంత చిన్నవాడు. ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు అక్కడే ఆగిపోయాను.

పాటలోని "తెల్ల ఇల్లు" అంటే అమెరికా అధ్యక్షుడి భవనమా?

కాదు. పాట గుట్టంతా ఈ ఒక్క మాటలో ఉందని నెల్సన్ వాదన. కొన్ని వరసల్లో చివరి చరణం ఇలా ఉంటుంది:

జాన్ హెన్రీని తెల్ల ఇంటికి తీసుకుపోయి
ఇసుకలో పూడ్చిపెట్టారు.
అటు వెళ్లే ప్రతి రైలింజనూ రొద పెడుతూ
"అదిగో ఉక్కు దించినవాడు" అంటుంది.

పరిశోధకులు ఏళ్ల తరబడి ఈ చరణాన్ని అర్థంలేని కలగలుపు అని పక్కన పెట్టారు. నెల్సన్‌కు పాత పోస్టుకార్డు మీద రిచ్‌మండ్ జైలు బొమ్మ కనిపించింది. జైలు ఆవరణలో పెద్ద తెల్ల కట్టడం, పక్కనే రైలు పట్టాలు. 1990ల మొదట్లో ఆ జైలును కూలగొట్టినప్పుడు అక్కడి నేలలో సుమారు 300 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి.

సొరంగంలో చచ్చిపోయినవాణ్ని అంత దూరం జైలుకు ఎందుకు తెచ్చినట్టు? ఖైదీలను అద్దెకిచ్చిన ఒప్పందంలో ఒక షరతు ఉంది. తిరిగి అప్పగించని ఒక్కో ఖైదీకి కంపెనీ 100 డాలర్ల జరిమానా కట్టాలి. తప్పించుకుపోకుండా కాపలా కాయించడానికి పెట్టిన షరతు అది. శవాన్ని తెచ్చి అప్పగించినా లెక్క సరిపోతుంది.

జాన్ విలియం హెన్రీ పేరు 1874 లోపే జైలు పుస్తకాల్లోంచి మాయమైంది. విడుదల చేశారని లేదు, క్షమించారని లేదు, చనిపోయాడనీ లేదు.

అయితే ఇతనే ఆ జాన్ హెన్రీ అని తేలిపోయినట్టేనా?

లేదు. జాన్ హెన్రీ అన్నది అప్పట్లో చాలామందికి ఉన్న పేరు. "తెల్ల ఇల్లు" వచ్చేది కొన్ని వరసల్లోనే, ఎక్కువ వాటిలో "శ్మశానం" అనే ఉంటుంది. ఆ అస్థిపంజరాల్లో ఏది ఎవరిదో చెప్పే ఆధారం లేదు.

జాన్ గార్స్ట్ అనే రసాయన శాస్త్ర ఆచార్యుడు కథను అలబామాకు తీసుకెళ్లాడు. 1887లో లీడ్స్ ఊరి దగ్గర కూసా, ఓక్ మౌంటెన్ సొరంగాలు తవ్వేటప్పుడు పందెం జరిగిందని ఆయన వాదన. 1920లలో గై జాన్సన్‌కు అలబామా పేరు చెబుతూ వచ్చిన ఉత్తరాలు ఆయనకు ఊతం. అక్కడ పని చేయించిన కెప్టెన్ ఇంటిపేరు డాబ్నీ, కూలీ పేరు జాన్ హెన్రీ డాబ్నీ కావచ్చని ఆయన చెప్పాడు. లీడ్స్ ఊరివాళ్లు ఈ వాదనను గట్టిగా నమ్ముతారు.

వ్యక్తి ఎవరన్న విషయంలో నేను ఏ పక్షమూ తీసుకోను. కానీ ఖైదీల సొరంగం, 100 డాలర్ల షరతు, పేర్లు లేని ఆ ఎముకలు మాత్రం జరిగిన చరిత్ర. పాట గురించి మాట్లాడేటప్పుడు వాటిని దాటి వెళ్లడం నాకు చేతకాదు.

బానిసత్వం రద్దయ్యాక ఖైదీలతో అలా ఎలా పని చేయించారు?

1865లో వచ్చిన 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, "నేరానికి శిక్షగా తప్ప" అని ఒక సందు వదిలింది. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందులోంచి దూరాయి. పనిలేకుండా తిరగడం లాంటివి కూడా నేరాలయ్యాయి, చిన్న దొంగతనాలకు ఏళ్ల తరబడి శిక్షలు పడ్డాయి. అలా నిండిన జైళ్ల నుంచి మనుషులను గనులకు, రైలు మార్గాలకు, తోటలకు అద్దెకిచ్చారు. రాష్ట్రానికి అద్దె, కంపెనీకి చవక కూలీ. పనిచేసినవాడికి ఏమీ లేదు. మన భాషలో దీనికి వెట్టి అనే మాట సిద్ధంగా ఉంది.

అతను గుండె పగిలి చనిపోయాడా?

కథల పుస్తకాల్లో అంతే. సొరంగాల్లో చనిపోయినవాళ్లలో రాయి పడి, మందు పేలి పోయినవాళ్లు ఉన్నారు. అంతకంటే ఎక్కువమందిని నెమ్మదిగా చంపింది రాతిదుమ్ము. ఇసుకరాయిలో బెజ్జం వేస్తే లేచే సిలికా పొడి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. రాతి క్వారీలు, పలకల గనులు ఉన్న ఊళ్లవాళ్లకు ఈ దగ్గు తెలుసు. ఇక్కడో చేదు సంగతి: ఆవిరి డ్రిల్లు మనిషికంటే వేగంగా, మరింత సన్నని దుమ్ము లేపుతుంది. పక్కనే సమ్మెట కొట్టేవాడు పీల్చేది ఆ దుమ్మే. పందెంలో యంత్రం ఓడినా అతని ఊపిరిని అదే తీసి ఉండవచ్చని నెల్సన్ ఊహ.

అదే పశ్చిమ వర్జీనియాలో 1930లో హాక్స్ నెస్ట్ దగ్గర యూనియన్ కార్బైడ్ కోసం ఒక నీటి సొరంగం తవ్వారు. సిలికా దుమ్ముతో వందల మంది కూలీలు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. 1984లో భోపాల్‌లో మనం విన్న కంపెనీ పేరు కూడా అదే.

ఈ పాట యంత్రాలకు వ్యతిరేకమా? కష్టపడి పనిచేయమని చెబుతుందా? అసలు అర్థం ఏమిటి?

నన్ను అడిగితే జాన్ హెన్రీ పాట ఒకటి కాదు, రెండు. రెండింటినీ కలిపేయడం వల్లే అర్థం తారుమారవుతోంది.

ఒకటి కథాగీతం. బాంజో, ఫిడేలు, గిటారు మీద పాడేది. పందెం కథ మొదటి నుంచి చివరిదాకా చెబుతుంది. రెండోది సమ్మెట పాట. వాయిద్యాలు ఉండవు, కథ ఉండదు, దెబ్బే తాళం. అందులో జాన్ హెన్రీ గురించి వచ్చేది ఒక్క మాట:

ఈ సమ్మెటే జాన్ హెన్రీని చంపింది,
నన్ను మాత్రం చంపలేదు.

ఆ వెంటే ఇంకో వరస వస్తుంది: "ఈ సమ్మెట తీసుకుపోయి కెప్టెన్‌కి ఇవ్వు, నేను వెళ్లిపోయానని చెప్పు." కెప్టెన్ అంటే పని చేయించే పెద్ద, చాలా చోట్ల చేతిలో తుపాకి ఉన్నవాడు. అతని ముందే, అతను వింటుండగానే, ఈ పాట పాడేవారు. పాట కదా అని అతను ఊరుకునేవాడు.

ఈ పాట నడక నెమ్మది. నెల్సన్ ఎత్తి చూపినది ఇదే. గుంపులో ఒక్కడు తొందరపడితే మిగిలినవాళ్లంతా అదే వేగం అందుకోవాలి, రేపటి నుంచి కెప్టెన్ అదే అడుగుతాడు. కాబట్టి వేగాన్ని పాటకు కట్టేశారు. పోయినవాడి పేరు తలుచుకోవడం పొగడ్త కోసం కాదు. "ఒకడు ఇలాగే పంతానికి పోయి చచ్చాడు, నువ్వు వద్దు" అని పక్కవాడికి చెప్పడం కోసం. పనిలో ప్రాణం పెట్టినవాణ్ని చూసి నేర్చుకోమని బళ్లలో చెప్పే నీతికి ఇది పూర్తిగా ఎదురు. సమ్మెట పట్టినవాళ్ల మాటనే నేను నమ్ముతాను.

కథాగీతంలో మాత్రం గర్వం ఉంది, దాన్ని కాదనకూడదు. "మనిషంటే మనిషే కదా" అన్న మాటను చాలామంది వినయంగా అర్థం చేసుకుంటారు. నెరిసిన తల ఉన్న నల్లవాణ్ని కూడా తెల్లవాళ్లు "బాయ్" అని పిలిచే రోజులవి. అలాంటి చోట, పని చేయించేవాడి ముఖం మీద "నేను మనిషిని" అనడం చిన్న మాట కాదు. తాత వయసువాణ్ని "ఒరేయ్" అని పిలిచే ఊళ్లు చూసినవాళ్లకు దీని బరువు విడమర్చి చెప్పక్కర్లేదు.

పాలీ ఆన్ ఎవరు?

జాన్ హెన్రీ భార్య. పేరు కొన్ని వరసల్లో జూలీ ఆన్, కొన్నిట్లో లూసీ. ఆమెకు ఒక్క చరణమే ఉంది, కానీ మరిచిపోలేనిది: జాన్ హెన్రీ జబ్బుపడి మంచం పట్టిన రోజు పాలీ ఆన్ వెళ్లి మగవాడిలా ఉక్కు దించింది. పిల్లల పుస్తకాల్లో ఈ చరణం తరచూ మాయమవుతుంది. అన్యాయం.

ఆమె దగ్గరే పాత స్కాట్లండ్ పాట ముక్క ఒకటి కూడా వచ్చి అతుక్కుంది: "నీ చిన్ని పాదాలకు చెప్పులు ఎవరు తొడుగుతారు, నీ చేతికి తొడుగు ఎవరు వేస్తారు?" సముద్రం దాటి వచ్చిన ఈ వరస అమెరికాలో ఎన్నో పాటల్లో తిరుగుతుంది.

పాట ఎవరు రాశారు? ఎప్పుడు?

ఒకరు రాసింది కాదు. నల్లవాళ్ల పని పాటలూ, బ్రిటన్ నుంచి కొండప్రాంతాలకు వలస వచ్చినవాళ్ల కథాగీతాలూ రైలు పనుల దగ్గర కలిసి పుట్టిన పాట. 1909లో అమెరికా జానపద పత్రికలో రెండు పంక్తులు అచ్చయ్యాయి: జానీ హెన్రీ కష్టజీవి, చేతిలో సమ్మెటతోనే పోయాడని. 1924లో ఫిడ్లిన్ జాన్ కార్సన్ రికార్డు వచ్చింది. ఆయన జార్జియాకు చెందిన తెల్ల ఫిడేలు కళాకారుడు. అప్పటికే పాట రెండు జాతులవారి సొంతమైపోయింది.

మన దేశంలో ఎవరైనా పాడారా?

బెంగాలీలో చాలా ప్రసిద్ధం. ప్రజా గాయకుడు హేమాంగ బిశ్వాస్ దీన్ని "నామ్ తార్ ఛిలో జాన్ హెన్రీ" అని బెంగాలీలో కట్టాడు. బంగ్లాదేశ్‌లో ఫకీర్ ఆలంగీర్ గొంతులో అది ఊరూరా తిరిగింది. బిశ్వాస్ పనిచేసిన ఇప్టా (భారత ప్రజా నాటక సంఘం), మన ప్రజానాట్యమండలి ఒకే ఉద్యమం నుంచి వచ్చినవి. బెంగాలీ రాకపోయినా ఒకసారి వినండి, సమ్మెట లయ భాష మారినా చెక్కుచెదరలేదు.

తెలుగులోకి తెచ్చి పాడుకుంటే కాపీరైట్ ఇబ్బంది ఉంటుందా?

సంప్రదాయ పాటకు ఉండదు. ఒక కళాకారుడి రికార్డింగునో, ఆయన కట్టిన ప్రత్యేకమైన సంగీతాన్నో వాడుకుంటేనే అనుమతి కావాలి.

ముందు ఏది వినాలి?

మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో పాడిన "స్పైక్ డ్రైవర్ బ్లూస్". ఒక గొంతు, ఒక గిటారు. అరుపు లేదు, వీరావేశం లేదు. "ఈ సమ్మెట జాన్ హెన్రీని చంపింది" అని ఎంత తాపీగా అంటాడో వింటే పైన రాసిందంతా చదవక్కర్లేదు. ఆ తర్వాత కథాగీతం కోసం లెడ్ బెల్లీని వినండి.

ఆ సొరంగం ఇప్పుడు ఉందా? వెళ్లి చూడొచ్చా?

ఉంది. టాల్కాట్ దగ్గర పాత బిగ్ బెండ్ సొరంగం వాడుకలో లేదు, దాని పక్కనే తవ్విన రెండో సొరంగంలోంచి రైళ్లు వెళ్తాయి. 1972లో ఊరివాళ్లు చందాలు వేసుకుని నిలబెట్టిన జాన్ హెన్రీ విగ్రహం ఇప్పుడు సొరంగం ముందున్న పార్కులో ఉంది. అంతకుముందు అది కొండ మీద రోడ్డు పక్కన ఉన్న రోజుల్లో ఎవరెవరో దాని మీద తుపాకులు పేల్చారు. రైల్లో వెళ్లాలంటే అమెరికా ప్రయాణికుల రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్ వారి కార్డినల్ రైలు వారానికి 3 రోజులు ఈ మార్గంలో నడుస్తుంది. వర్జీనియా వైపు నుంచి వస్తే ముందు లూయిస్ సొరంగం, తర్వాత బిగ్ బెండ్ దాటి, హింటన్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి టాల్కాట్‌కు కారులో కాసేపే.